తిప్పవ్వ నోటి బియ్యం

రైలు రాని కాలం. బస్సు రాని కాలం. ఎంత దూరం పోవాలన్నా మనిషి తన కాళ్ళనో ఎద్దు కాళ్ళనో నమ్ముకున్న కాలం. అప్పట్లో గువ్వల కనుమ అని ఒక కనుమ ఉండేది. ఇప్పుడూ ఉంది. కొండలు ఎక్కడికి పోతాయి?

కనుమ పైన మెట్ట ఊళ్ళు. కనుమ కింద పల్లపు ఊళ్ళు. పైన ఉప్పు దొరకదు. కింద ఉలవలు దొరకవు. అందుకని బళ్ళు ఎక్కుతూ ఉండేవి, దిగుతూ ఉండేవి. ఆ బండివాళ్ళకు ఒక ఆచారం ఉండేది. కనుమలో అడుగుపెట్టాక, దాటేదాకా వెనక్కి చూడకూడదు. వెనక ఎవరు వస్తున్నారో చెప్పకూడదు. చూస్తే ఇరుసు విరుగుతుందని కొందరు అనేవాళ్ళు. చెబితే ఆ మనిషి ఇక రాడని కొందరు అనేవాళ్ళు. ఏదైతేనేం, చూసేవాళ్ళు కాదు, చెప్పేవాళ్ళు కాదు.

సగం దారిలో, బండి కష్టం మీద మలుపు తిరిగే చోట, ఒక రాతి ఇల్లు. పైన బోద గడ్డి కప్పు. ఆ ఇంట్లో తిప్పవ్వ ఉండేది. మొగుడు లేడు, బిడ్డల్లేరు, చుట్టమని చెప్పుకోను ఒక పిల్లి కూడా లేదు. దారిన పోయేవాళ్ళకు ఇంత వండి పెట్టేది. ఇచ్చినవాళ్ళు ఏదో ఇచ్చేవాళ్ళు. లేనివాళ్ళు తిని పోయేవాళ్ళు.

వండేది రెండే. శావిగలు, ఉలవకట్టు. కొర్రపిండినో రాగిపిండినో ఉడికించి, ముద్ద చేసి, చెక్క మరలో పెట్టి ఒత్తితే సన్నటి పోగులుగా దిగుతాయే, అవి శావిగలు. ఉలవలు పొద్దంతా ఉడికించి వార్చిన నీళ్ళు ఉలవకట్టు. అందులో చింతపండు పిసికి, వెల్లుల్లి, ఎండుమిరపకాయ తాలింపు వేసేది. ఉడికిన ఉలవలు ఎద్దులకు. ఆ నీళ్ళు మనుషులకు. తట్టలో, అంటే లోతు కంచంలో, శావిగలు వేసి, పైన మరుగుతున్న కట్టు పోసి చేతికిచ్చేది. కనుమ ఎక్కిన మనిషికి అంతకంటే ఏం కావాలి?

మలుపు రాకముందే మూడు ఆనవాళ్ళు అందేవి. మొదట ఉలవకట్టు వాసన. తర్వాత బోద కప్పు మీది పొగ. ఆ తర్వాత కిర్రు కిర్రుమని మర చప్పుడు.

ఆ మరకు పైన మనిషి పొడుగు దూలం ఉంటుంది. దూలం కొసన ఒక మనిషి కూర్చుంటే, ఆ బరువుకు ఇత్తడి బిళ్ళ చిల్లుల్లోంచి శావిగలు దిగుతాయి. ముద్ద పెట్టేవాళ్ళు ఒకరు కావాలి, దూలం మీద కూర్చునేవాళ్ళు ఒకరు కావాలి. తిప్పవ్వ ఒక్కతే. కాబట్టి వచ్చినవాళ్ళే కూర్చోవాలి. అయితే ఎవరు తినేది వాళ్ళు ఒత్తుకోకూడదు. అది ఆ ఇంటి కట్టడి. మర పక్కన మూత ఉన్న వెదురుబుట్ట ఒకటి ఉండేది. అందులో ఒక మనిషికి సరిపడా శావిగలు ఎప్పుడూ ఉండేవి. వచ్చినవాళ్ళు అవి తినాలి. తిన్నాక ఇంకొక ముద్ద ఒత్తి బుట్టలో పెట్టి పోవాలి. రోజు ఆఖరున తిప్పవ్వ కూడా అంతే. బుట్టలోది తిని, దూలానికి రాయి కట్టి, ఇంకొకటి ఒత్తి, మూత పెట్టి పడుకునేది.

ఎవరు గడప తొక్కినా ఆమె చెప్పేది ఒకటే మాట.

“ముందుపోయినోళ్ళు ఒత్తింది నువ్వు తిను. వెనకొచ్చేవోళ్ళకి నువ్వు ఒత్తు.”

ఒకసారి ఒక షావుకారు వచ్చాడు. “నేను కూర్చునేదేంది, మా జీతగాడు కూర్చుంటాడు” అన్నాడు.

“అట్లయితే మీ జీతగాడే తింటాడు. నువ్వు చూస్తా కూర్చో” అంది తిప్పవ్వ. షావుకారు దూలమెక్కాడు.

ఒకసారి పాళెగాడి బంటు వచ్చాడు, చేత ఈటెతో. “ఎవుడు ఒత్తినాడో, ఏం కలిపినాడో. నాది నేనే ఒత్తుకుంటా” అన్నాడు.

“ఒత్తుకో నాయనా. వెనకొచ్చేవోడు తింటాడు” అంది తిప్పవ్వ. బంటు ఈటె గోడకు ఆనించి బుట్ట మూత తీశాడు.

ఒకసారి ఒక సన్నాసి వచ్చాడు. “నాకు ముందూ లేదు, వెనకా లేదు” అన్నాడు.

“అయితే ఆకలీ ఉండదు. పో సామీ” అంది తిప్పవ్వ. సన్నాసి కాసేపు ఆలోచించి దూలం మీద కూర్చున్నాడు.

మెట్ట ఊళ్ళలో అన్నిటికంటే మారుమూల ఊరు దొన్నెకోట. ఆ ఊరివాడు కంబన్న. ఉప్పు బండి తోలేవాడు. మనిషి ఏనుగు గున్నలా ఉండేవాడు, నోరు అంతకంటే పెద్దది. అతను మొదటిసారి తిప్పవ్వ ఇంటికి వచ్చిన రోజు కింది నుంచి ఉప్పు వేసుకుని ఎక్కుతున్నాడు.

“వెనక ఎవురన్నా వస్తాండారా?” అని అడిగింది తిప్పవ్వ. అందరినీ అడిగేది, ఎంత పిండి తడపాలో తెలియాలి కదా. కంబన్న ఆచారం ప్రకారం కాళ్ళ వంక చూశాడు. తిప్పవ్వ నవ్వింది. “మీ బండివోళ్ళని అడిగేదీ ఒకటే, మీ ఎద్దుల్ని అడిగేదీ ఒకటే.”

తట్ట చేతికిచ్చింది. కంబన్న తిన్నాడు. ముఖం చిట్లించాడు.

“ఏందవ్వా ఇది, యాడికాడ తెగిపోతాంది. ఒత్తినోడికి తినను కూడు లేదా?”

“లేదు. బాలింత. పసిబిడ్డని ఒళ్ళో పెట్టుకోని ఒత్తింది. ఆయమ్మ బరువెంత, బిడ్డ బరువెంత?”

కంబన్న నమలడం ఆపాడు. ఆ ఆడమనిషి ఎవరో తెలియదు. ఏ ఊరో తెలియదు. ఎదురుపడినా గుర్తుపట్టలేడు. ఆమె ఒళ్ళు నొచ్చి చేసింది తన నోట్లో ఉంది. తట్ట ఊడ్చి తాగి లేచాడు.

“నా బరువుకి నీ మర ఇరిగితే?” అన్నాడు, ఊరికే ఉండలేక.

“ఇరిగితే కొత్తది నువ్వే చెక్కుతావులే. కూర్చో.”

కంబన్న కూర్చున్నాడు. మర కిర్రుమంది. పట్టుపోగుల్లాంటి శావిగలు దిగాయి. బుట్టలో పెట్టి మూత వేస్తుంటే అతనికి ఒక వింత కోరిక పుట్టింది. ఇవి తినే మనిషిని చూడాలని. కానీ బళ్ళు ఆగవు. వెనక్కి చూడకూడదు. కంబన్న పోయాడు.

రెండోసారి వచ్చినప్పుడు అన్న ఓబన్నతో వచ్చాడు. ఓబన్నకు మాట తక్కువ, పెళ్ళి లేదు, ఎద్దు అంటే ప్రాణం. మైలోడని అతనికొక మచ్చల ఎద్దు ఉండేది. దాని ముందు ఉలవలు పడితే గాని అతను తట్ట పట్టడు.

“మా అన్నకి పెండ్లి ఎందుకవ్వా, మైలోడు ఉండాడు గదా” అన్నాడు కంబన్న.

“మైలోడు ఎదురు మాట్లాడడు” అన్నాడు ఓబన్న. తిప్పవ్వ పొయ్యి ముందు ఊగి ఊగి నవ్వింది.

ఆ రోజు వానకు బళ్ళు ఆగిపోయాయి. ముగ్గురూ పొయ్యి చుట్టూ కూర్చున్నారు. కంబన్నకు ఎప్పటినుంచో ఒక మాట అడగాలని ఉంది.

“అవ్వా, అందరూ ముందుపోయినోళ్ళది తింటాండారు. మొట్టమొదటిది ఎవురు ఒత్తినారు? నువ్వేనా?”

తిప్పవ్వ కట్టెలు ఎగదోసింది.

“నేను కాదు. నేనొచ్చిన దినం ఈ ఇంట్లో మనిషి లేడు. మొగుడు సచ్చిపోయి, అత్త తరిమేస్తే, యాడికి పోతాండానో తెల్దు. పొయ్యి చల్లగా ఉండె. మూత తీసి చూస్తే బుట్టలో శావిగలు ఉండె. ఇంకా తడి ఆరలేదు. తిన్యా. తిన్నాక, నా వెనక ఇంకొకరు వస్తే ఎట్లని, పిండి వెతికి ఒత్తినా. ఒత్తినంక అది తినే మనిషి వస్తాడా రాడా అని చూస్తా కూర్చున్యా. అట్లనే కూర్చున్యా.”

“మరి ఆ శావిగలు పెట్టినోళ్ళు?”

“రాలేదు. ఎవురో తెల్దు.”

బయట వాన పడుతూనే ఉంది. కంబన్న ఆ బుట్ట వంక చూశాడు. పాత వెదురుబుట్ట, అంచున గుడ్డ పేలికలు చుట్టి కుట్టినది. దాని అడుగు ఎక్కడ ఉందో, ఎన్ని తరాల కింద ఉందో అతనికి అంతు చిక్కలేదు. కళ్ళు తిప్పుకోవడానికి పైకి చూశాడు. ఇంటికప్పు వాసానికి ఒక ఉట్టి వేలాడుతోంది. అందులో గుడ్డ మూట ఒకటి, పిడికెడంత.

“అదేందవ్వా, బంగారమా?”

“బియ్యం.”

ఇద్దరన్నదమ్ములూ తలెత్తి చూశారు. ఆ మెట్టలో వరి పండదు. బియ్యం అంటే పెళ్ళికొకసారి, చావుకొకసారి. మనిషి పోతే నోట్లో నాలుగు గింజలు వేసి మట్టి చేయడం అక్కడి ఆచారం. నోటి బియ్యం అంటారు. అవి లేకుండా పోయినవాళ్ళు ఆకలితో తిరుగుతుంటారని అందరికీ భయం.

“బిడ్డలుంటే బిడ్డలు ఏస్తారు. నాకెవురుండారు? నేనే దాచిపెట్టుకున్యా. నేను పోయిన దినం ఈ దారిన ఎవురుంటే వాళ్ళు ఏస్తారు” అంది తిప్పవ్వ. పప్పు ఎక్కడ పెట్టిందో చెప్పినట్టు చెప్పింది.

వాన వెలిసింది. ఓబన్న దూలమెక్కాడు. మర కిర్రుమంది. బళ్ళు కదిలాయి.

తర్వాత కరువు వచ్చింది. మొదటి ఏడు వాన రాలేదు. రెండో ఏడు వాన రాలేదు. మూడో ఏడు మబ్బు కూడా రాలేదు. మెట్ట ఊళ్ళ మీద ఎండ నిలబడిపోయింది. రెండో ఏట కంబన్న పెళ్ళాం జ్వరంతో పోయింది. గంగి అని ఒక పిల్ల మిగిలింది. బండి పోయింది. ఎద్దులు ఒక్కొక్కటే పోయాయి, మైలోడు తప్ప.

కింది ఊళ్ళలో గంజి పోస్తున్నారని తెలిసింది. మెట్ట అంతా లేచి నడిచింది. ఒక ఊరి వెనక ఒక ఊరు, ఎముకలు నడిచినట్టు, కనుమ దిగుతున్నారు. తిప్పవ్వ ఇంట్లో ఒక బస్తా కొర్రలు, ఒక బస్తా ఉలవలు ఉన్నాయి. “తలుపేసుకో అవ్వా, ఏడాది గడుస్తుంది నీకు” అని తెలిసినవాళ్ళు చెప్పారు.

“ఈ ఇంటికి తలుపు యాడుండాది ఏసుకోను?” అంది. నిజమే. ఆ గడపకు తలుపు ఎన్నడూ లేదు.

తట్టెడు శావిగలు దోసెడయ్యాయి. దోసెడు పిడికెడయ్యాయి. అయినా ఎవరు వచ్చినా బుట్టలోది తిన్నారు, ఇంకొకటి ఒత్తారు, మూత పెట్టి పోయారు. కడుపులు వీపులకు అంటుకున్నవాళ్ళు. కళ్ళ ముందర ఆవిరి పోయే శావిగలు. చేయి చాపితే అందుతాయి. చాపలేదు. వెనక వచ్చేవాళ్ళు ఎలా ఉంటారో తెలియదు, ఏ కులమో తెలియదు, వస్తారో రారో తెలియదు. వాళ్ళ పాలు వాళ్ళకు వదిలి, తూలుకుంటూ మలుపు తిరిగారు. కనుమలో అంతటి వింత అంతకు ముందు జరగలేదంటారు.

దొన్నెకోట అందరికంటే ఆలస్యంగా కదిలింది. ఆఖరున మిగిలింది కంబన్న, గంగి, ఓబన్న. మైలోడు పడుకుని లేవడం లేదు.

“వాడు లేస్తే వస్తా. లేకుంటే వాడితోనే” అన్నాడు ఓబన్న.

“ఎద్దు కోసం సస్తావా?”

“మనింటికి ఉప్పు తెచ్చింది వాడు. నువ్వు కాదు. పో.”

కంబన్న కోపంగా పిల్లను భుజాన వేసుకుని నడిచాడు. ఏనుగు గున్నలాంటి మనిషి, అప్పటికి ఎండుమోడులా ఉన్నాడు. కనుమ చేరేసరికి పొద్దు వాలుతోంది. వాసన పలచగా ఉంది. పొగ పలచగా ఉంది. మర చప్పుడు లేదు.

తిప్పవ్వ గడపలోనే కూర్చుని ఉంది. చిక్కిపోయి పిట్టలా అయింది. కంబన్నను గుర్తుపట్టింది. ఏమీ అడగకుండా తట్ట తెచ్చింది. బుట్టలో పిడికెడు శావిగలు ఉన్నాయి. తండ్రి నాలుగు పోగులు తిన్నాడు, మిగతావి బిడ్డ తింది. ఇంకా కావాలని అడగలేదు గంగి. తట్ట నాకింది.

“వెనక ఎవురన్నా వస్తాండారా?” అని అడిగింది తిప్పవ్వ.

వెనక ఎవరున్నారో చెప్పకూడదన్నారు గాని, ఎవరూ లేరని చెప్పకూడదని ఎవరూ అనలేదు.

“ఎవురూ లేరవ్వా. మాదే ఆఖరు ఊరు.”

“లేకపోతే లేరులే. ఒత్తు.”

పిండి కడవను ఆమె బోర్లించింది. గీకింది. అడుగున ఉన్నదంతా తీస్తే ఒక్క ముద్ద అయింది. కంబన్న దూలం కొసన కూర్చున్నాడు. అతని బరువు చాలలేదు. గంగిని ఒళ్ళో పెట్టుకుంటే అప్పుడు మర కిర్రుమంది. తనకు తట్ట ఎందుకు తెగిపోయిన పోగులతో వచ్చిందో, ఆ బాలింత ఎలా కూర్చుందో, ఇప్పుడు అతనికి ఒంటితో తెలిసింది.

తిప్పవ్వ కుండ తీసుకుని వెనక ఊటకు నీళ్ళకు పోయింది. ఇల్లు ఖాళీ. బుట్ట మూత కింద నుంచి ఆవిరి. భుజాన బిడ్డ. కనుమ ఇంకా సగం దిగాలి. దిగాక గంజి దొరకడానికి ఎంత నడవాలో తెలియదు. వెనక ఎవరూ లేరు. ఎవరూ రాని దానికి చీమల కోసం వదిలిపెట్టడం ఏం ధర్మం? కంబన్న మూత తీశాడు. శావిగలు పంచె కొంగులో కట్టుకున్నాడు. మూత పెట్టాడు. బయటపడ్డాడు.

రెండు మలుపులు దిగాడు. పిల్లను దించి, మూట విప్పి, “తిను” అన్నాడు.

గంగి మూట వంక చూసింది, చేయి పెట్టలేదు.

“ఇది పెదనాయనది గదా.”

“పెదనాయన రాడు.”

“మైలోడు లేస్తే వస్తానన్యాడు. వస్తే అవ్వ ఏం పెడతాది?”

కంబన్న ఏదో చెప్పబోయాడు, అప్పుడు పైనుంచి ఒక చప్పుడు వినిపించింది. రోకటి పోటు. మెల్లగా, ఆగి ఆగి, ముసలి చేతి పోటు. దంచడానికి ఆ ఇంట్లో ఏముందని? గింజ లేదు. కడవ గీకడం కళ్ళారా చూశాడు. పోటు ఆగింది. చాలాసేపు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత కిర్రుమంది మర. ఒక్కసారే.

కనుమ మధ్యలో నిలబడి కంబన్న వెనక్కి తిరిగి చూశాడు. పుట్టాక మొదటిసారి చూశాడు. పైమలుపులో, బోద కప్పు పక్కన, ఒక మచ్చల ఎద్దు నిలబడి ఉంది.

మూట కట్టాడు. పిల్లను ఎత్తుకున్నాడు. దిగిన కనుమ మళ్ళీ ఎక్కాడు.

లోపల ఓబన్న గోడకు ఆనుకుని కూర్చుని తింటున్నాడు. తమ్ముడిని చూసి తట్ట ఎత్తి చూపించాడు.

“వచ్చినావా. పెండ్లి కూడు తింటాండా. చూడు, ఎంత తెల్లగుండాయో.”

కొర్ర శావిగలు పచ్చగా ఉంటాయి. రాగి శావిగలు నల్లగా ఉంటాయి. ఆ తట్టలోవి మల్లెపూవులా తెల్లగా ఉన్నాయి. కంబన్న పైకి చూశాడు. ఉట్టి ఖాళీగా వేలాడుతోంది. మూట గుడ్డ పొయ్యి పక్కన మడిచిపెట్టి ఉంది.

కంబన్న తడుముకుంటూ బుట్ట దగ్గరికి పోయి, కొంగు విప్పి, తాను ఎత్తుకుపోయిన శావిగలు అందులో వేశాడు. తిప్పవ్వ పొయ్యి ముందు నుంచి చూస్తోంది.

“ఎవురివి అవి?” అంది.

“వెనకొచ్చేవోళ్ళవి.”

“సరే. మూత పెట్టు.”

అంతే.  ఓబన్న బయట ఎద్దు దగ్గరికి పోయినప్పుడు కంబన్న ఆమె పక్కన కూలబడ్డాడు.

“ఏం పని చేసినావవ్వా. అవి నీ నోటి బియ్యం.”

“సచ్చినోళ్ళకి ఆకలి ఉండాదో లేదో నాకు తెల్దు. బతికినోడు గడపలో నిలబడె. ఆ నీళ్ళు పొయ్యి మీద పెట్టు.”

మరునాడు పొద్దున ఒక ఆడమనిషి వచ్చింది. దొన్నెకోటకు ఆవల, అడవిలో, గొర్రెలవాళ్ళ దొడ్డి ఒకటి ఉందట. కంబన్న ఎన్నడూ వినలేదు. ఆఖరి ఊరు అనుకున్నది ఆఖరిది కాదు. ఆమె బుట్టలోవి తిన్నది, తన కొంగున ఉన్న చింతపిక్కలు తీసి ఇచ్చింది. అవి వేయించి, దంచి, ముద్ద చేసి ఒత్తారు. ఆమె పోయింది. ఆమె వెనక ఇంకొకరు వచ్చారు. ఎవరి కొంగున ఏది ఉంటే అది, గడ్డలో, విత్తనాలో, ఆకో అలమో. మర కిర్రుమంటూనే ఉంది. కంబన్న ఇక కిందికి పోలేదు. ఓబన్న పోలేదు. మైలోడు సరేసరి.

వాన రాకముందే తిప్పవ్వ పోయింది. పొద్దు పొడిచేవేళ, మర దూలానికి వీపు ఆనించుకుని, కూర్చున్నట్టే పోయింది. అన్నదమ్ములు మలుపు దగ్గర గుంట తవ్వారు. నోట్లో వేయడానికి బియ్యం లేవు. నోటి బియ్యం ఏమయ్యాయో అప్పుడు ఓబన్నకు తమ్ముడు చెప్పాడు. ఓబన్న విన్నాడు. చాలాసేపు మైలోడి మూపురం మీద చేయి వేసి నిలబడ్డాడు. ఆ తర్వాత వచ్చి, ఆమె పెదాలను రెండు చుక్కల ఉలవకట్టుతో తడిపి, మట్టి కప్పాడు.

నాలుగో ఏట వాన వచ్చింది. ఎట్లా వచ్చిందంటే, కనుమ రాళ్ళన్నీ కడిగినట్టు వచ్చింది. కింది నుంచి మెట్ట జనం తిరిగి బయలుదేరారు. ఒక ఊరి వెనక ఒక ఊరు. పల్లపు ఊళ్ళలో కూలి బియ్యంగా ఇచ్చేవాళ్ళు కాబట్టి అందరి కొంగునా ఇంత బియ్యం ఉంది. మలుపు దగ్గరికి వచ్చి అందరూ అడిగారు.

“తిప్పవ్వ యాడ?”

అడిగిన ప్రతివాళ్ళకూ కంబన్న చెప్పాడు. పెద్దనోరు కదా, ఏదీ దాచకుండా చెప్పాడు. తాను ఎత్తుకుపోయింది, రోకటి చప్పుడు, తెల్ల శావిగలు, అన్నీ. మొదట వచ్చిన ముసలివాడు ఆ మాట విని కొంగు ముడి విప్పాడు. చిటికెడు బియ్యం తీసి, “తిప్పవ్వ నోటికి” అని, ఆ మట్టి మీద వేయబోయాడు.

ఓబన్న అతని చేయి పట్టుకున్నాడు. “బతికినన్నాళ్ళు ఆయమ్మ బుట్టలోదే తినింది. ఇప్పుడు మట్టిలోది తింటాదా?”

ముసలివాడు బుట్టలో వేశాడు. అతని వెనకామె వేసింది. ఆమె వెనకాయన వేశాడు. “తిప్పవ్వ నోటికి. తిప్పవ్వ నోటికి. తిప్పవ్వ నోటికి.” బుట్ట నిండింది. కడవ నిండింది. కంబన్న దంచాడు, ఓబన్న ముద్దలు పెట్టాడు, గంగి పొయ్యి ఎగదోసింది. వచ్చినవాళ్ళు వచ్చినట్టు దూలమెక్కారు. ముందటివాళ్ళు ఒత్తింది తిన్నారు. వెనకవాళ్ళకు ఒత్తారు. ఆ రోజు కనుమలో ప్రతి తట్టలోనూ తెల్లటి శావిగలే. పైమలుపు నుంచి చూస్తే కింద పల్లం దాకా తలలే తలలు. వానలో తడుస్తూ, తోసుకోకుండా, వరసలో నిలబడ్డారు. అంతమంది ఉన్నా మాట వినపడలేదు. వాన చప్పుడు, మర చప్పుడు. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా కనుమంతా కిర్రుమంది. నోటి బియ్యం లేక పోయిన మనిషి తరఫున మెట్ట మెట్టంతా తిన్నది.

కంబన్న ఆ ఇంట్లోనే ముసలివాడయ్యాడు. అతని వెనక గంగి. గంగి వెనక ఎవరెవరో. బోద కప్పు పోయి రేకులు వచ్చాయి, రేకులు పోయి మిద్దె వచ్చింది. చెక్క మర అరిగిపోయి ఇనుప మర వచ్చింది. బుట్ట అంచుకు కొత్త పేలికలు పడుతూనే ఉన్నాయి. ఆ గడపకు మాత్రం ఇప్పటికీ తలుపు పెట్టలేదు.

ఇప్పుడు ఆ దారిన లారీలు పోతాయి. డ్రైవర్లు కాగితం పొట్లంలో చిటికెడు బియ్యం పెట్టుకుని వస్తారు. “తిప్పవ్వ నోటికి” అని కడవలో వేస్తారు. బుట్టలోది తిని, మర ఒత్తి, మూత పెట్టి పోతారు. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరైనా పోతే, నోట్లో వేసే బియ్యంలోంచి ఒక చిటికెడు తీసి కనుమకు పంపిస్తారు. తొందరలో ఎవరైనా “ఇంక వెనక ఎవరూ లేరులే” అని మూట కట్టుకోబోతే, పక్కవాళ్ళు ఒకటే అంటారు. “ఆఖరి ఊరి మాట మాట్లాడొద్దు.”

మిగతా కనుమల్లో బండి నడిపేవాళ్ళు ఈనాటికీ వెనక్కి చూడరు. గువ్వల కనుమలో మాత్రం, తట్ట చేతికి అందగానే, పిల్లా పెద్దా ఎవరైనా సరే, ముందు ఒకసారి తల తిప్పి వచ్చిన దారి వంక చూస్తారు. అప్పుడు తింటారు.